ఒకే ఊపిరిలో రెండు చీటీలు

పోయినవారం మనం మైకమ్మని ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. "కాస్త జరగండమ్మా, దారివ్వండి" అని ఆమె అన్నదే తడవు, మెట్టు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ చటుక్కున తలెత్తి, "ఆ గొంతు నీదేనా తల్లీ? నీకోసమే వచ్చాను" అంది.

మైకమ్మ అసలు ఆ ప్రభుత్వ ఆఫీసులో టైపు కొట్టడానికి చేరిన పిల్ల. రోగం ఊరిని పట్టి ఏడు నెలలైంది. ఏ బస్సు తిరుగుతుందో, ఏది తిరగదో, మూతపడ్డ దుకాణాలకి ప్రభుత్వ సాయం ఎప్పుడు, ఎక్కడ ఇస్తారో రోజూ సాయంత్రం అయిదింటికి ఊళ్ళో స్తంభాలన్నిటి మీదా మైకులు చెబుతాయి. మొదట్లో చదివే పెద్దాయన ఒకరోజు మధ్యలో దగ్గాడు. ఆ ఒక్క దగ్గుకి ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుంది. అందుకని ఆయన్ని మాన్పించి, దగ్గని గొంతు కోసం వెతికి ఈమెని కూర్చోబెట్టారు. అప్పట్నుంచి ఆమె పేరు ఆమెకే సరిగా గుర్తులేదు. అందరికీ మైకమ్మే.

ఉండేది అక్కా బావల దగ్గర. బావ తొమ్మిదో నంబరు బస్సు నడుపుతాడు. "బండి ఆపేశారు" అని ఆరు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. వసారాలో పడుకుంటున్నాడు. మరదలితో మాటలు తగ్గించేశాడు. ఆమె కంచం, గ్లాసు కూడా విడిగా పెడుతున్నారు. "పనిలేని మగాడికి గోడని చూసినా కోపమే. నువ్వు పట్టించుకోకు" అని అక్క సర్దిచెప్పింది. పట్టించుకునే ఓపిక మైకమ్మకీ లేదు. వారం రోజులుగా ఒంట్లో ఎవరో ఇసుక బస్తాలు దింపినట్టుంది. అలసట అనుకుంది. అలవాటైపోయిన అలసటని ఎవరు మాత్రం లెక్కచేస్తారు?

ముసలావిడని లోపలికి తీసుకొచ్చి నడవాలో బల్ల మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూలబడింది. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగి ఆవిడకి ఇచ్చింది. ఆవిడ సగం సీసా ఒక్క పట్టున తాగేసింది.

"ఎక్కణ్ణుంచి పెద్దమ్మా?"

"చివరి స్టాపు."

"బస్సు లేదుగా, ఎలా వచ్చారు?"

"లేదని నువ్వే చెప్పావుగా. వంతెన మీద ఇంకే బండినీ వదలడం లేదాయె. తెల్లారుతూనే కాళ్ళ మీద బయల్దేరాను. దారిలో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి నేను కూర్చున్నాను. రెండోసారి కాళ్ళే కూర్చోబెట్టాయి."

గోడ గడియారం మూడు చూపిస్తోంది.

ఆవిడది ఇస్త్రీ బండి. స్టాపు పక్కనే నలభై ఏళ్ళుగా ఉంది. "ఇంట్లో కూర్చునే జనానికి ఇస్త్రీ ఎందుకమ్మా? ముడతల చొక్కాలతోనే ఏడు నెలలు గడిపేశారు. నా పెట్టెలో బొగ్గు రాజుకుని ఎన్నాళ్ళయిందో. అయినా నేనే నయం. మా పక్కన తాళాలు బాగుచేసే ఆయనది మరీ అన్యాయం. అందరూ ఇంట్లోనే పడుంటే తాళంచెవి ఎవడు పారేసుకుంటాడు చెప్పు?"

మైకమ్మకి నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా ఎక్కడో నడుములో నొప్పెట్టింది.

ఆవిడ సంచి మూతి విప్పింది. లోపల దరఖాస్తులు. ఇస్త్రీ చేసిన బట్టల్లా అంచుకి అంచు పేర్చి, దారంతో కట్టి ఉన్నాయి.

"ముప్ఫై ఎనిమిది. మా వీధిది ఒక అలవాటు. ఆఫీసు పనంటే అందరం రాం. అన్నీ ఒకరి చేతికిచ్చి పంపుతాం. ఒకళ్ళ రోజు పోతే చాలుగా, ముప్ఫై ఎనిమిది మందివి ఎందుకు పోవాలి? ఈసారి వంతు నాది."

మైకమ్మ ఆ కట్ట మీద చెయ్యి వేసింది. "పెద్దమ్మా, గడువు శుక్రవారంతో అయిపోయింది. ఇవాళ సోమవారం."

"తెలుసు. నువ్వే చెప్పావు."

"మరి అప్పుడే రాలేకపోయారా?"

"శుక్రవారం పొద్దున్నే వచ్చి స్టాపులో నిలబడ్డాను."

"బస్సు లేదని విన్నారుగా?"

"విన్నాం. బుధవారం సాయంత్రం స్తంభం కింద అందరం నిలబడి విన్నాం. నువ్వేమన్నావు? 'సాయం కోరేవారు శుక్రవారం అయిదింటిలోగా ఆఫీసుకి వచ్చి దరఖాస్తు ఇవ్వాలి. తొమ్మిదో నంబరు బస్సు నేటినుంచి తిరగదు.' మధ్యలో ఊపిరి కూడా పీల్చుకోలేదు. మేం మొహాలు చూసుకున్నాం. అప్పుడు పాలాయన అన్నాడు, 'ఒకే నోటితో రెండూ చెబుతున్నారంటే, తెలిసే చెబుతున్నారు. బస్సు ఆపినవాళ్ళు కాగితాలు తీసుకోడానికి బండి పంపకుండా ఉంటారా?' నిజమేననిపించింది. పెద్ద ఆఫీసు కదా, ఆ మాత్రం ఆలోచించరా? పొద్దుగూకేదాకా ఆ బండి కోసం నిలబడ్డాం."

ఆవిడ సీసా మూత బిగించి వెనక్కిచ్చింది.

"నిన్ను తిట్టడానికి రాలేదు తల్లీ. పద్నాలుగు కిలోమీటర్లు నడిచాక తిట్టే ఓపిక ఎవరికుంటుంది? ఒక్క సంగతి అడుగుదామని. చదివేటప్పుడు నీక్కూడా తట్టలేదా?"

తట్టలేదు.

ఆ సాయంత్రం మైకమ్మకి బాగా గుర్తుంది. నడవాకి ఇటువైపు సాయం సారు గది, అటువైపు బస్సుల సారు గది. ఎదురెదురు గుమ్మాలు, మధ్యన ఆరడుగులు. రోగం వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. ఎవరి చీటీ వాళ్ళు రాసి, మైకు గది కిటికీ కింది సందులోంచి లోపలికి తోస్తారు. ఆమె రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చదివేస్తుంది. ఏడు నెలలుగా అంతే. ఆమె కళ్ళూ నోరూ పని చేస్తాయి తప్ప చెవులు చేయవు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు వంపినట్టు వంపేయడమే. ఊరు మొత్తానికి ఆ రెండు చీటీలనీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి తనొక్కతే. చూసి కూడా చూడలేదు.

"లేదు పెద్దమ్మా," అంది.

ఇంతలో బంట్రోతు బకెట్టుతో వచ్చి నడవా తుడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ముక్కు గుడ్డని రెండు చేతులతో అదుముకుంది.

"ఈ మధ్య ఫినాయిలులో నీళ్ళు ఎక్కువ కలుపుతున్నట్టున్నావు, అసలు వాసనే రావట్లేదు" అంది మైకమ్మ.

"నీళ్ళా? ఇక్కడ నా కళ్ళు మండిపోతుంటే! మీ ముక్కుని కూడా ఆ మైకులోనే పెట్టి తాళం వేశారేమో మైకమ్మగారూ."

ఆమె పట్టించుకోలేదు. పెద్దమ్మ సంచి అందుకుని లేచింది.

సాయం సారు గుమ్మానికి అడ్డంగా బల్ల వేసుకుని, బల్లకి అవతల ఇంకో బల్ల వేసుకుని కూర్చుంటాడు. సంచి చూడగానే కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"గడువు అయిపోయిందమ్మా. పైగా చివరి స్టాపు నుంచి ఒక్క కాగితం రాలేదు. 'అక్కడ అవసరం లేదు' అని రాసేశాను. ఈ సాయంత్రం జాబితా పైకి పోతుంది."

"బస్సు లేక రాలేకపోయారు సార్."

"బస్సు లేదని నాకెవరు చెప్పారు?"

"నేను చెప్పాను సార్. బుధవారం సాయంత్రం అయిదింటికి. మైకులో."

"అయిదింటికి నేను ఇంటికెళ్ళే హడావుడిలో ఉంటానమ్మా. మైకు వినేది జనం. నేను వినడమేంటి?"

ఆ మాట ఆయన నిజాయితీగానే అన్నాడు.

మైకమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. కదల్లేదు. మొండితనం కాదది. కదలడానికి ఒంట్లో శక్తి లేదు, అంతే. కాసేపటికి ఆయనకే ఇబ్బందిగా అనిపించింది.

"సరే, ఒక దారుంది. తప్పు జనానిది కాదు, బస్సుదేనని ఎదురుగది ఆయన కాగితం ఇవ్వాలి. బస్సు ఎందుకు ఆగిందో అందులో ఉండాలి. ఆ కారణం ఇవాళ మైకులో చదవాలి. ఊరంతా వినాలి. లేకపోతే రేపు తక్కిన వీధులవాళ్ళంతా 'మాకెందుకు పెంచరు' అని నా పీకల మీద కూర్చుంటారు. మైకులో చదివిన మరుక్షణం ముద్ర కొడతాను. చదవకపోతే అయిదుంబావుకి జాబితా పోతుంది."

"ఇవాళ మీరు వింటారా సార్?"

"వింటానులే," అన్నాడు చిరాగ్గా. ఆమె కాగితాల కట్ట తీసి ఆయన బల్ల మీద పెట్టి, ఖాళీ సంచి పెద్దమ్మకిచ్చేసింది.

ఆరడుగులు. అంతే దూరం. బస్సుల సారు టేబులు మీద గీతలూ, నంబర్లూ ఉన్న పెద్ద కాగితం పరుచుకుని, అందులో ఏదో చెరుపుతున్నాడు. చెరిపి చెరిపి కాగితం చిరుగుపట్టింది.

"కారణమా? కారణం ఏముంటుంది, డ్రైవరు లేడు. ఉన్న ముగ్గురిలో ఇద్దరు మంచాన పడ్డారు. మూడోవాడు రానని ఉత్తరం రాసిచ్చాడు."

మైకమ్మ తల ఎత్తింది. "రానని రాశాడా? మీరే ఆపమన్నారు కదా?"

"నేనెందుకు ఆపమంటానమ్మా! ఆ ఒక్కడూ నడుపుతున్నాడనే కదా బతికాను. కావాలంటే చూడు." ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీదకి తోశాడు.

చదవకముందే ఆమెకి అర్థమైంది. కుడివైపుకి వాలిన అక్షరాలు, గుడి కట్టిన ప్రతిచోటా చిన్న ముడి. అక్క చేతిరాత. బావ రాస్తే కోడి గెలికినట్టుంటుంది కాబట్టి ఆయన ఉత్తరాలన్నీ అక్కే రాస్తుంది. మాటలు మాత్రం బావవే.

"అయ్యా, మా ఇంట్లో ఉండే మా మరదలికి మంగళవారం రాత్రి ఒళ్ళు కాలిపోయింది. పొద్దున్నకి తగ్గింది. పరీక్ష చేయించుకోమన్నాను. మాత్ర వేసుకుని పనికి వెళ్ళిపోయింది. ఆమెని ఆపడం నా వల్ల కాలేదు. నన్ను నేను ఆపుకోవడం నా చేతిలో పని. నా బండిలో రోజుకి మూడు వందల మంది ఎక్కుతారు. వాళ్ళలో ముసలివాళ్ళున్నారు. సంగతి తేలేవరకు నేను స్టీరింగు పట్టుకోను. తమరు ఏ శిక్ష వేసినా సరే."

బుధవారం తేదీ ఉంది కింద.

మైకమ్మ అది ఒకసారి చదివింది. మళ్ళీ చదవలేదు. అవసరం లేకపోయింది. మంగళవారం రాత్రి, తడిగుడ్డ, అక్క చెయ్యి, "నేను మానేస్తే రేపు ఎవరు చదువుతారు?" అని తను గొణిగిన మాట, అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. వేరే పెట్టిన కంచం ఉంది. వసారాలో పడక ఉంది. నడవాలోంచి బంట్రోతు తుమ్ము వినిపించింది. ఫినాయిలు ఘాటుకి. గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. ఏమీ లేదు. ముక్కు దగ్గర ఒక తెల్ల గోడ.

"ఈ మరదలెవరో మహాతల్లి!" అన్నాడు బస్సుల సారు. "జ్వరం కడుపులో దాచుకుని ఊరి మీద తిరుగుతోంది. ఈవిడ పుణ్యమా అని ఒక రూటు మూతపడింది. రోజూ మైకులో గొంతు చించుకుని చెబుతున్నాం కదమ్మా, ఒళ్ళు వెచ్చబడితే గడప దాటద్దని?"

"చెబుతున్నాం సార్."

"వినేవాడేడీ!"

ఆయన చీటీ లాగి రాయడం మొదలుపెట్టాడు. ఆమె బయటికొచ్చి, బల్లకి దూరంగా, నడవా చివర కిటికీ దగ్గర నిలబడి ఇంటికి ఫోను చేసింది. బావే ఎత్తాడు.

"బావా, ఉత్తరం చూశాను."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు.

"చూస్తావనే అనుకున్నా. ఒకే ఆఫీసు కదా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానమ్మా. ఆ రాత్రే చెప్పాను. నువ్వు లేకపోతే మైకు పలకదన్నావు. నిన్ను కూర్చోబెట్టి తలుపేసే పెద్దరికం నాకు లేదు. డ్రైవర్ని. బండి ఆపగలను, మనిషిని ఆపలేను."

"బండి ఆపేశారని అబద్ధం చెప్పావు."

"అబద్ధమెందుకవుతుంది? ఆపేశాను. ఎవరన్నది నువ్వడగలేదు."

"అక్క..."

"ఇద్దరం బాగానే ఉన్నాం. ఇప్పటిదాకా." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. "చివరి స్టాపులో ఇస్త్రీ పెద్దమ్మ ఉంటుంది. ఇదివరకు రోజూ బొగ్గు సంచితో ఎక్కేది, ఇప్పుడూ అప్పుడప్పుడు ఎక్కుతుంది. ఆవిడ మొహమే గుర్తొచ్చింది నాకు, ఆ ఉత్తరం రాయించేటప్పుడు. అంతే."

మైకమ్మ వెనక్కి తిరిగి చూసింది. నడవా ఆ చివర బల్ల మీద పెద్దమ్మ ఖాళీ సంచి మడతపెట్టుకుంటోంది. పక్కనే సగం తాగిన నీళ్ళ సీసా.

ఫోను పెట్టేసింది.

అయిదుకి పది నిమిషాలుండగా బస్సుల సారు చీటీ ఆమె చేతికొచ్చింది. "ఒక డ్రైవరు ఇంటిలోని వ్యక్తి జ్వరమును దాచిపెట్టినందువల్ల తొమ్మిదో నంబరు బస్సు ఆపవలసి వచ్చినది. కావున చివరి స్టాపు వారి దరఖాస్తుల గడువు నేటి వరకు పొడిగించడమైనది." పేరు లేదు, ఊసు లేదు. చదివేస్తే పని అయిపోతుంది. ముప్ఫై ఎనిమిది కాగితాల మీద ముద్ర పడుతుంది.

పేరు ఎందుకు, తొమ్మిదో నంబరు డ్రైవరెవరో చివరి స్టాపులో పసిపిల్లని అడిగినా చెబుతుంది.

"అయిందా తల్లీ?" పెద్దమ్మ బల్ల మీంచి లేవబోయింది.

"కూర్చోండి పెద్దమ్మా. చదివితే అయిపోతుంది."

"బస్సు ఎందుకాగిందో తెలిసిందా? ఆ బాబుకేం కాలేదు కదా? మంచివాడమ్మా. నా బొగ్గు సంచి లోపలికి చేరేదాకా బండి కదిలించడు. వెనకాల కారువాళ్ళు ఎంత హారను కొట్టనీ, 'మా అమ్మ ఎక్కుతోంది, ఆగండెహె' అంటాడు."

"ఆయనకేం కాలేదు."

"పోనీలే. శుక్రవారం నిలబడి నిలబడి నాలుగు తిట్లు తిట్టాను వాణ్ణి. ఇంటికెళ్ళి లెంపలేసుకుంటాలే." ఆవిడ గుడ్డ చాటున నవ్వింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని, "ఆ సీసాలో నీళ్ళు మిగిలాయి, తాగనా?" అంది.

"వద్దు!"

నడవాలో బంట్రోతు కూడా తలతిప్పి చూశాడు. మైకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ అరుపు ఆమె గొంతులోంచే వచ్చింది కానీ ఏడు నెలలుగా ఊరు విన్న గొంతు కాదది.

"వద్దు పెద్దమ్మా. బంట్రోతు వేరే నీళ్ళు తెస్తాడు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎవరి దగ్గరా కూర్చోకండి."

"ఏమైందే నీకు?"

మైకమ్మ మైకు గదిలోకి వెళ్ళింది. చిన్న గది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక మైకు, గోడకి ఒక మీట. సాయం సారు చీటీ ఎప్పట్లాగే సందులోంచి లోపల పడి ఉంది. బస్సుల సారు చీటీ చేతిలో ఉంది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఈసారి రెండూ చూసింది. ఒక్కో అక్షరం చూసింది.

తర్వాత సొరుగులోంచి ఖాళీ చీటీ తీసుకుంది. ఏడు నెలల్లో ఆమె స్వయంగా చీటీ రాయడం అదే మొదలు. నాలుగు వాక్యాలు రాసి, ఒకటి కొట్టేసింది.

గడియారం అయిదు కొట్టింది. లేచి వెళ్ళి తలుపు మూసి, లోపల్నుంచి గొళ్ళెం పెట్టింది. అంతకుముందెప్పుడూ పెట్టలేదు. ఆ గొళ్ళెం తుప్పు పట్టి ఒక పట్టాన దిగలేదు. రెండు చేతులూ వేసి దింపింది.

బయట పెద్దమ్మ తలుపు మీద వేళ్ళతో కొట్టింది. "అమ్మాయ్, తలుపెందుకే వేసుకున్నావు? ఒంట్లో బాగుందా?"

ఎదురెదురు గదుల్లో రెండు కుర్చీలు జరిగాయి. ఇవాళ ఇద్దరు సార్లూ వింటున్నారు. వంతెన అవతల స్తంభం కింద ముప్ఫై ఏడు మంది నిలబడి ఉంటారు. వసారాలో ఒకాయన కూడా వింటూ ఉంటాడు.

మైకమ్మ మీట నొక్కింది. ఊపిరి పీల్చుకుంది. ఇంకోసారి పీల్చుకుంది.

"అందరికీ నమస్కారం. ఇవాళ మూడు చీటీలున్నాయి. మూడోది నాది. అదే ముందు చదువుతాను."